లీజులో నా పేరు లేదు, లైసెన్స్ కౌంటర్ దగ్గర వెనక్కి పంపారు – టెక్సస్, హెచ్‌1బీ

నాలుగోవాడు

అందరికీ నమస్కారం. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటున్నాను. హెచ్‌1బీ (ఉద్యోగ వీసా) మీద వచ్చి అయిదు వారాలైంది. డబుల్ బెడ్‌రూమ్‌లో నలుగురం. లీజు ఇద్దరి పేరు మీద ఉంది, కరెంటు ఒకరి పేరు మీద, ఇంటర్నెట్ ఇంకొకరి పేరు మీద. నేను నాలుగోవాణ్ని. ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది ఒక పరుపు, దానికి బిల్లు కూడా లేదు.

నిన్న లైసెన్స్ ఆఫీసుకి వెళ్లాను. పాస్‌పోర్టు, ఐ-797 (హెచ్‌1బీ అప్రూవల్ నోటీసు), ఐ-94 (దేశంలో ఎప్పటివరకు ఉండొచ్చో చెప్పే ఎంట్రీ రికార్డు) ప్రింటు, ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) కార్డు, ఆఫర్ లెటర్, డిగ్రీ సర్టిఫికెట్లతో సహా ఫైలు మొత్తం పట్టుకెళ్లాను. కౌంటర్‌లో ఆవిడ అన్నీ చూసి తల ఊపింది. తర్వాత రెసిడెన్సీకి, అంటే ఇక్కడే ఉంటున్నానని చూపించడానికి, రెండు కాగితాలు అడిగింది. రూమ్మేట్ లీజు, నా ఫోన్‌లో సెల్ బిల్లు చూపించాను. ఆవిడ ఏమీ అనకుండా ఒక ప్రింటెడ్ కాగితం తీసి, పెన్నుతో రెండు చోట్ల సున్నా చుట్టి నా వైపు జరిపింది. "మీ పేరుతో" అన్న మాట చుట్టూ ఒకటి, "ప్రింటు తీసినది" అన్న మాట చుట్టూ ఒకటి. మళ్లీ అపాయింట్‌మెంట్ మూడు వారాలకు దొరికింది.

రెండు ప్రశ్నలు. లీజులో పేరు లేనివాడు అడ్రస్ ఎలా రుజువు చేసుకోవాలి? లైసెన్స్ లేకుండా కారు కొని నా పేరు మీద రిజిస్టర్ చేయించుకోవచ్చా? రోజూ ఆఫీసుకి క్యాబ్ అంటే జీతం అక్కడే కరిగిపోతోంది.

పాతకాపు

తమ్ముడూ, మనవాళ్లందరూ చేసే పొరపాటే నువ్వూ చేశావు. నువ్వెవరివో చెప్పే కాగితాలు అరకిలో మోసుకెళ్లావు, ఎక్కడుంటున్నావో చెప్పేది ఒక్కటీ తీసుకెళ్లలేదు. ఆ రెండూ వేరు వేరు లెక్కలు. ఐ-797 ఎంత గొప్ప కాగితమైనా నీ గుమ్మం ఎక్కడుందో చెప్పదు. దాని మీద ఉండేది కంపెనీ అడ్రస్, లేకపోతే లాయర్ అడ్రస్.

రెండు కాగితాలు అన్నది ఆ ఆఫీసు సొంత తెలివి కాదు. 2005లో వచ్చిన రియల్ ఐడీ అనే ఫెడరల్ చట్టం కింద, ఆ ప్రమాణాలకు సరిపోయే లైసెన్స్ ఇవ్వాలంటే పేరూ నివాసం అడ్రస్సూ ఉన్న రెండు డాక్యుమెంట్లు ప్రతి రాష్ట్రమూ చూడాలి. ఏ రెండు అన్నది మాత్రం రాష్ట్రం ఇష్టం. అందుకే కాలిఫోర్నియాలో ఉన్న ఫ్రెండు చెప్పిన సలహా టెక్సస్‌లో బెడిసికొడుతుంది.

టెక్సస్ సంగతి ఇది. రెండూ ఒకే చోట నుంచి వచ్చినవి కాకూడదు. ఒకే కంపెనీ ఇచ్చిన నీళ్ల బిల్లు, గ్యాస్ బిల్లు కలిపి రెండుగా లెక్కపెట్టరు. ఫోన్ బిల్లు అంటే ల్యాండ్‌లైన్‌దే, సెల్ బిల్లు పనికిరాదు. ఇంకో రాష్ట్రం లైసెన్స్ అప్పగించని వాళ్లయితే, కనీసం 30 రోజులుగా ఇక్కడే ఉంటున్నట్టు ఒక కాగితం చెప్పాలి. కాబట్టి ఆలస్యం చేసిన కొద్దీ నష్టం, ఎందుకంటే ఆ 30 రోజులు కాగితం మీద మొదలవ్వాలి. నువ్వు దిగిన రోజు నుంచి లెక్క అనుకుంటే పొరపాటే.

ఇవాళే చేయాల్సినవి: బ్యాంకులో అడ్రస్ ఈ ఇంటిది ఉందో లేదో చూడు. పేరోల్‌లో కూడా మార్చు. రెంటర్స్ ఇన్సూరెన్స్ (అద్దెకుండేవాళ్లు తీసుకునే బీమా) నీ పేరు మీద ఒకటి తీసుకో, అది నిమిషాల మీద ఆన్‌లైన్‌లో వస్తుంది. లీజులో లేకపోయినా రూమ్మేట్‌గా ఉంటున్నానని చెప్పి తీసుకోవచ్చు.

డాలస్_బావ

కంపెనీ హెచ్‌ఆర్‌ని అడిగి, మా ఉద్యోగి ఫలానా అడ్రస్‌లో ఉంటున్నాడు అని లెటర్ రాయించుకుంటే అయిపోతుంది కదా? నాకు అలాగే ఇచ్చారు.

పాతకాపు

ఏ రాష్ట్రంలో బావా? కాలిఫోర్నియా జాబితాలో ఉద్యోగానికి సంబంధించిన డాక్యుమెంట్లు ఉన్నాయి. ప్రతి చోటా లెటర్‌హెడ్ చూసి నమ్మరు. వెళ్లే ముందు ఆ రాష్ట్రం సైట్‌లో జాబితా తీసి ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకోవడం తప్ప దగ్గరి దారి లేదు.

డాలస్_బావ

న్యూజెర్సీలో ఉన్నప్పటి మాట. అక్కడ లైసెన్స్ ఆఫీసుని డీఎంవీ అనరు, ఎంవీసీ అంటారు. ఆరు పాయింట్లు కూడగట్టాలి. పరీక్ష మార్కుల్లా ఒక్కో కాగితానికి ఇన్ని పాయింట్లు. నేను పాయింట్లు కూడుకుంటూ క్యూలో నిలబడితే వెనకాయన ఏదో గేమ్ ఆడుతున్నానని అనుకున్నాడు.

వానచినుకు

సియాటిల్ నుంచి. ప్రశ్నకు సంబంధం లేకపోయినా పేరు గురించి ఒక మాట, మనకిది పెద్ద తలనొప్పి కాబట్టి. నా పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. ఇంటిపేరుతో సహా పేరంతా గివెన్ నేమ్‌లో రాసేశారు. వీసా వేసినప్పుడు ఆ మొత్తం సర్‌నేమ్‌లోకి వెళ్లి, మొదటి పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ అని పడింది. మొదటి పేరు తెలియదు అనడానికి పొట్టి రూపం అది. బ్యాంకువాళ్లు అదే నా పేరనుకుని కార్డు మీద అచ్చు వేశారు. లీజింగ్ ఆఫీసువాళ్లు ఇంటిపేరుని ఒక్క అక్షరానికి కుదించారు. మూడు కాగితాల మీద ముగ్గురు మనుషులు!

లైసెన్స్ కౌంటర్‌లో చూసేది ఒకటే: పాస్‌పోర్టు పేరూ బిల్లు మీది పేరూ ఒకటేనా? నేను బ్యాంకుకి వెళ్లి పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించుకున్నాక పని జరిగింది. ఆ తర్వాత కాన్సులేట్ ద్వారా సర్‌నేమ్ విడదీసి కొత్త పాస్‌పోర్టు తీసుకున్నాను, అది వేరే కథ. నాలుగోవాడు గారూ, రెంటర్స్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు పేరు పాస్‌పోర్టు చూసి టైప్ చేయండి, అలవాటుగా ముద్దుపేరు కొట్టేయకండి.

నాలుగోవాడు

అయ్యో, మా హెచ్‌ఆర్ సిస్టమ్‌లో నా పేరు సగమే పట్టింది. చివరి నాలుగు అక్షరాలు కోసేసింది. పే స్టబ్ మీద కూడా అంతే. థాంక్స్ అండీ, ముందు అది సరిచేయిస్తాను.

షార్ట్‌కట్_స్వామి

ఇంత తతంగం ఎందుకు బ్రో. కొంత ఇస్తే లీజు కాగితం తయారుచేసి ఇచ్చేవాళ్లు ఉన్నారు. మా రూమ్‌లో ఇద్దరు అలాగే తెచ్చుకున్నారు, ఎవరూ ఫోన్ చేసి కనుక్కోలేదు.

పాతకాపు

ఈ పోస్టు చదివేవాళ్లలో కొత్తవాళ్లు ఉంటారు కాబట్టి నిక్కచ్చిగా చెబుతున్నా. ఆ పని చేయకండి. అప్లికేషన్ కింద పెట్టే సంతకం, రాసినదంతా నిజమని పెట్టే సంతకం. దొంగ లీజు పట్టుబడితే పోయేది లైసెన్స్ ఒక్కటే కాదు. వీసా మీద ఉన్నవాడి మీద మోసం కేసు పడితే వీసా స్టాంపింగ్‌లో, గ్రీన్ కార్డు దగ్గర కూడా దానికి జవాబు చెప్పాలి. మూడు వారాలు ఆగడానికి ఓపిక లేక మూడేళ్ల పని పణంగా పెడతారా?

షార్ట్‌కట్_స్వామి

సరే సరే, చూసింది చెప్పాను అంతే. నేను చేయలేదు.

గెస్ట్‌హౌస్_రాజా

నాది ఇంకా ఘోరం. కన్సల్టెన్సీ గెస్ట్‌హౌస్‌లో దిగాను. వారానికో కొత్త ముఖం, లీజు కంపెనీ పేరు మీద. ప్రాజెక్టు ఎక్కడ వస్తే అక్కడికి వెళ్లాలి కాబట్టి సొంత ఇల్లు తీసుకోలేను. కంపెనీ వాళ్ల పీఓ బాక్స్ ఇచ్చి, ఉత్తరాలన్నీ దానికే వేయించుకో అన్నారు. లైసెన్స్‌కి పీఓ బాక్స్ చెల్లదని అక్కడికి వెళ్లాకే తెలిసింది. చివరికి బ్యాంకు స్టేట్‌మెంటు గెస్ట్‌హౌస్ అడ్రస్‌కి మార్పించుకుని, అది వచ్చాక వెళ్లాను. నెల తిరిగితే కానీ స్టేట్‌మెంటు రాదు. ఆ నెలంతా ఇంకొకరి కారు వెనక సీటే దిక్కు.

మారినప్పుడల్లా ఏఆర్-11 వేయడం మర్చిపోకండి. ఇల్లు మారిన 10 రోజుల్లోపు ఇమిగ్రేషన్‌కి కొత్త అడ్రస్ చెప్పాలి. లైసెన్స్ ఆఫీసులో మార్చుకుంటే అది వీళ్లకు తెలియదు, వీళ్లకు చెబితే వాళ్లకు తెలియదు.

కొత్తకోడలు

నేను హెచ్4, అంటే హెచ్‌1బీ ఉద్యోగి భార్యగా డిపెండెంట్ వీసా. నా పేరు మీద ఏమీ ఉండదు, ఉద్యోగం లేదు, ఎస్‌ఎస్‌ఎన్ లేదు. మా ఆయన ఫైలు చూస్తే ఆయనొక్కడే ఈ ఇంట్లో ఉంటున్నట్టు, నేను చుట్టంలా వచ్చినట్టు ఉంటుంది. నేను ఏం చేశానో చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది.

ముందు లీజింగ్ ఆఫీసుకి వెళ్లి నన్ను ఆక్యుపెంట్‌గా, అంటే ఆ ఇంట్లో ఉండేవాళ్లలో ఒకరిగా, లీజులో చేర్పించుకున్నాను. ఒక్క పేజీ కాగితం, రెండు సంతకాలు. బ్యాంకులో జాయింట్ అకౌంట్. కారు ఇన్సూరెన్స్‌లో నా పేరు. ఎస్‌ఎస్‌ఎన్ రాదని సోషల్ సెక్యూరిటీ ఆఫీసు ఒక లెటర్ ఇస్తుంది, ఎల్676 అంటారు, కొన్ని రాష్ట్రాలు అది అడుగుతాయి. ఆ లెటర్ కోసం రెండు గంటలు కూర్చున్నాను. ఇచ్చేటప్పుడు ఆయన "మీకు ఇవ్వలేము అని చెప్పే కాగితం ఇస్తున్నాను, సంతోషమేనా" అని నవ్వాడు. సంతోషమే అన్నాను!

బేఏరియా_బాబాయ్

కొత్తకోడలు గారూ, కాలిఫోర్నియాలో అయితే భర్త పేరు మీద ఉన్న బిల్లుకి మ్యారేజ్ సర్టిఫికెట్ జతచేస్తే సరిపోతుంది. ఇక్కడ సెల్‌ఫోన్ బిల్లు కూడా ఒప్పుకుంటారు. గడువు మాత్రం గట్టిది: ఇక్కడ స్థిరపడ్డాక 10 రోజుల్లో లైసెన్స్, బయటి నుంచి తెచ్చిన బండికి 20 రోజుల్లో రిజిస్ట్రేషన్.

డాలస్_బావ

టెక్సస్‌లో లైసెన్స్‌కి 90, బండికి 30 బాబాయ్. పెద్ద రాష్ట్రం, పెద్ద మనసు.

నాలుగోవాడు

కారు సంగతి ఎవరూ చెప్పలేదు. లైసెన్స్ రాకుండా కొనొచ్చా?

పాతకాపు

కొనొచ్చు. నడపడం వేరు, నీ పేరు మీద ఉండటం వేరు. టెక్సస్‌లో బండి టైటిల్ (యాజమాన్య పత్రం), రిజిస్ట్రేషన్ చూసేది లైసెన్స్ ఇచ్చే డీపీఎస్ కాదు, కౌంటీ ట్యాక్స్ ఆఫీసు. 130-యూ ఫారం నింపాలి, అమ్మినవాడి సంతకంతో టైటిల్ తీసుకెళ్లాలి, 6.25 శాతం సేల్స్ ట్యాక్స్ కట్టాలి. ఫోటో ఐడీగా నేను పాస్‌పోర్టు, దానితో పాటు ఐ-94 చూపించాను. రూల్స్ మారుతుంటాయి కాబట్టి వెళ్లే ముందు మీ కౌంటీకి ఫోన్ చేసి కనుక్కో.

ఇక్కడే ఒక కిటుకు ఉంది. టెక్సస్ లైసెన్స్‌కి అడ్రస్ రుజువుల జాబితా మళ్లీ తీసి చూడు. అందులో నీ పేరు మీద ఉన్న టెక్సస్ బండి రిజిస్ట్రేషన్ కానీ టైటిల్ కానీ ఒకటి, ఆటో ఇన్సూరెన్స్ పాలసీ ఇంకొకటి. అంటే లైసెన్స్ వచ్చాక కారు అనుకుంటున్నావు కానీ, కారే నీకు లైసెన్స్ తెచ్చిపెట్టగలదు. ఇక్కడి లైసెన్స్ లేనివాడికి ఇన్సూరెన్స్ ఇచ్చే కంపెనీలు తక్కువ, ప్రీమియం ఎక్కువ. నాలుగు చోట్ల అడుగు. లైసెన్స్ రాగానే నంబరు ఇచ్చి రేటు మళ్లీ వేయించుకో.

డాలస్_బావ

డీలర్ దగ్గర కొంటే కాగితాల పని వాళ్లే చూస్తారు. ఇదివరకు కాగితం నంబర్ ప్లేటు తగిలించి పంపేవారు, 2025 జులై 1 నుంచి అది తీసేశారు, డీలరే మెటల్ ప్లేటు ఇస్తాడు. ఇన్సూరెన్స్ గురించి ఇంకో ముక్క. మా కొలీగ్ ఒకాయన ఊరవతల చుట్టాల ఇంటి అడ్రస్ ఇచ్చి ప్రీమియం తగ్గించుకున్నాడు.

బేఏరియా_బాబాయ్

తగ్గించుకున్నాడు, బాగుంది. యాక్సిడెంట్ అయ్యాక కంపెనీవాడు బండి రాత్రిపూట ఎక్కడ పెడతావు అని అడుగుతాడు. అప్పుడు ఏం చెబుతాడు? రేటు వేసేదే ఆ అడ్రస్ మీద. క్లెయిమ్ ఇవ్వననే అవకాశం వాడి చేతిలో పెట్టడం అది.

డాలస్_బావ

నేను మెచ్చుకోలేదు బాబాయ్, చెప్పానంతే. అయినా అందరూ చేసేదే కదా.

బేఏరియా_బాబాయ్

అందరూ చేసేది అందరికీ చెల్లదు, ముఖ్యంగా వీసా మీద ఉన్నవాడికి. మన విషయంలో అన్ని చోట్లా ఒకే అడ్రస్ ఉంటేనే ప్రాణం హాయి.

రాత్రిషిఫ్ట్

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా నాకు ఆగింది. సేవ్ అని ఒక సిస్టమ్ ఉంది, మన స్టేటస్ సరైనదా కాదా అని రాష్ట్రం ఇమిగ్రేషన్ రికార్డుల్లో చూస్తుంది. మామూలుగా కౌంటర్ ముందు నిలబడి ఉండగానే జవాబు వస్తుంది. నాకు రాలేదు. ఐ-94లో పేరు, పాస్‌పోర్టు నంబరు తప్పుగా పడ్డాయని తర్వాత తేలింది. 2013 నుంచి విమానంలో వచ్చేవాళ్లకు ఐ-94 ఎలక్ట్రానిక్. దిగగానే సీబీపీ (ఎయిర్‌పోర్టులో మనల్ని చెక్ చేసే సరిహద్దు శాఖ) సైట్‌లో ప్రింటు తీసి అక్షరం అక్షరం చూసుకోవాలి, నేను చూసుకోలేదు. ఇలాంటి తప్పులు దిద్దే సీబీపీ వాళ్ల డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసుకి వెళ్లి దిద్దించుకున్నాను. సేవ్ కేస్‌చెక్ అని పేజీ ఉంది, మన కేసు ఎక్కడ ఉందో అందులో చూసుకోవచ్చు. రోజుకి పదిసార్లు చూసేవాణ్ని, క్రికెట్ స్కోరులా.

లైసెన్స్ గడువు గురించి ఎవరూ చెప్పలేదు, అదీ ముఖ్యమే. మనకిచ్చేది లిమిటెడ్ టర్మ్. ఐ-94 ఎప్పటివరకో లైసెన్స్ కూడా అప్పటివరకే. కంపెనీ వేసిన హెచ్‌1బీ పిటిషన్ మూడేళ్లకు అప్రూవ్ అయినా, పాస్‌పోర్టు ఏడాదిలో అయిపోతుంటే ఎయిర్‌పోర్టులో ఐ-94 ఏడాదికే ఇవ్వొచ్చు. నా ఫ్రెండుకి అలాగే ఇచ్చారు. లైసెన్స్ మీద తేదీ చూసి గానీ అసలు సంగతి తెలియలేదు. ఆ కార్డే లేకపోతే ఐ-94 దాటిపోయేవరకు గమనించేవాడే కాదు.

గెస్ట్‌హౌస్_రాజా

హెచ్‌1బీ ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంటే? ఉద్యోగం 240 రోజులు చేసుకోవచ్చు అంటారు కదా.

రాత్రిషిఫ్ట్

టైముకి ఫైల్ చేస్తే అదే కంపెనీలో పని చేసుకోవచ్చు. అది పనికి సంబంధించిన రూల్, బండి నడపడానికి కాదు. రిసీట్ చూసి లైసెన్స్ పొడిగించాలా వద్దా అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. జీతం వస్తుంది, కారు పార్కింగ్‌లో ఉంటుంది. నేను ఏడు వారాలు బస్సెక్కాను.

కొత్తకోడలు

ఇంకొకటి. కొందరు కౌంటర్‌లో వీసా స్టాంపు తేదీ చూసి ఎక్స్‌పైర్ అయింది అంటారు. మాకు మరో రాష్ట్రంలో అలా అయింది. స్టాంపు దేశంలోకి రావడానికి, ఉండటానికి గడువు ఐ-94ది. గొడవ పడకుండా ఐ-94 ప్రింటు పైన పెట్టి, "ఒకసారి ఇది చూస్తారా, లేకపోతే సూపర్‌వైజర్‌ని పిలుస్తారా" అని అడిగితే సరిపోయింది. మా ఆయన గొంతు పెంచబోతే కాలు తొక్కాను.

నాలుగోవాడు

అప్‌డేట్ ఇస్తున్నాను. పాతకాపు అన్నా, మీరు చెప్పినట్టే చేశాను. హెచ్‌ఆర్‌తో పేరు సరిచేయించడానికే పది రోజులు పట్టింది, నాలుగు అక్షరాలకి. బ్యాంకు స్టేట్‌మెంటు నేను వచ్చిన మొదటి వారంలో తెరిచిన అకౌంట్‌ది, అప్పుడే ఈ అడ్రస్ ఇచ్చి ఉన్నాను, తేదీ 30 రోజులు దాటింది. దాన్ని ఎందుకు తీసుకెళ్లలేదని అడగకండి. లాప్‌టాప్ బ్యాగులోనే ఉంది. రెండోది రెంటర్స్ ఇన్సూరెన్స్. కారు ఇంకా వెతుకుతున్నాను.

ఈసారి కౌంటర్‌లో వేరే ఆయన. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, స్కేలు అడ్డంగా పెట్టి పేరు, అడ్రస్ ఒక్కో లైనూ పోల్చి చూశాడు. అపార్ట్‌మెంట్ నంబరు దగ్గర ఆగాడు. ఒకదాంట్లో 214, ఇంకోదాంట్లో యూనిట్ 214 అని ఉంది. నా గుండె ఆగినంత పనైంది. ఆయన భుజాలు ఎగరేసి స్టాంపు వేశాడు. సేవ్ జవాబు కూడా వెంటనే వచ్చింది. రాత పరీక్ష, రోడ్డు టెస్టు అయిపోయాయి. తాత్కాలిక కాగితం చేతిలో ఉంది, కార్డు పోస్టులో వస్తుందట.

పాతకాపు

శభాష్. ఇంకొక్క పని ఉంది. మీ మెయిల్‌బాక్స్ తలుపు లోపలి వైపు పేర్లు రాసిన చీటీ ఉంటుంది, చూశావా? అందులో నీ పేరు ఉందా?

నాలుగోవాడు

ఇప్పుడే కిందకి వెళ్లి చూసొచ్చాను. మూడు పేర్లున్నాయి. అందులో ఒకడు పోయినేడాదే ఖాళీ చేసి వెళ్లిపోయాడట. నాది లేదు.

డాలస్_బావ

పెన్ను తీసుకుని మళ్లీ కిందకి పో బ్రో. పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయి.